‘రెస్ట్ తీసుకోండి’ అని రాసే డాక్టర్లకు

పొట్టకి చిన్న చిల్లులు పెట్టి, కెమెరాతో చూస్తూ గర్భసంచి తీసే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేసే గైనకాలజిస్టులందరికీ నమస్కారం.

నాకు ఆ ఆపరేషన్ అయి ఇవాళ్టికి తొమ్మిది వారాలు. బాగానే ఉన్నాను. ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, డాక్టర్లకు ఉత్తరం అనగానే ఆపరేషన్ ఏదో తేడా కొట్టిందనుకుంటారు. ఏమీ తేడా కొట్టలేదు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డల వల్ల ఏళ్ల తరబడి నెలలో సగం రోజులు రక్తం పోతూ, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ, ఎక్కడికి వెళ్లినా ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకుంటూ బతికినదాన్ని. అందులోంచి బయటపడేసిన డాక్టరమ్మ చేతికి దణ్ణం పెడతాను. నా గొడవంతా ఆ చేతి రాతతో.

డిశ్చార్జ్ రోజున మూడు పేజీల కాగితం చేతిలో పెట్టారు. రెండున్నర పేజీలు మీ సంగతులే. ఏ మత్తు ఇచ్చారు, పొట్టకి ఎన్ని పోర్టులు, అంటే పరికరాలు దూర్చే చిల్లులు, పెట్టారు, గర్భసంచి ఎంత సైజులో ఉంది, రక్తం ఎంత పోయింది. చివర్లో, మందుల పట్టీ కింద, నాకు మిగిలినవి మూడు లైన్లు. ‘రెస్ట్ తీసుకోవాలి. బరువులు ఎత్తరాదు. వారం తర్వాత రివ్యూ లేదా ఎస్ఓఎస్.’ ఎస్ఓఎస్ అంటే అవసరమైతే ముందే రమ్మని అట. అవసరం పడిందని ఎలా తెలుస్తుందో నాలుగో లైను ఉండాలి కదా. అది లేదు.

ఆ కాగితం నన్ను తర్వాత ఎప్పుడైనా చూడబోయే ఇంకో డాక్టరు కోసం రాసిందని నాకు ఆలస్యంగా అర్థమైంది. మంచిదే, అదీ కావాలి. మరి నా కోసం, మా ఇంట్లో వాళ్ల కోసం రాసిన కాగితం ఏదీ?

అసలు చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. దీన్ని బయట చాలామంది ‘లేజర్ ఆపరేషన్’ అంటారు. లేజర్‌తో చేసినా చేయకపోయినా ఆ పేరు పోదు. కోత లేదు, కుట్లు లేవు, తొందరగా ఇంటికి పంపించేస్తారు అని చెప్పుకుంటారు. ఓపీలో మీరూ అదే ధోరణిలో ‘నాలుగు చిన్న చిల్లులేనమ్మా’ అంటారు. భయం పోగొట్టడానికే అంటారని తెలుసు. కానీ ఆ మాట విన్నది నేనొక్కదాన్నే కాదు. పక్క కుర్చీలో మా ఆయన ఉన్నారు, వెనక మా అత్తగారు ఉన్నారు. ఇంటికొచ్చాక వాళ్ల లెక్కంతా ఆ నాలుగు చిల్లుల మీదే నడిచింది. బొడ్డు దగ్గర సెంటీమీటరంత గాటు ఒకటి, అటూ ఇటూ అందులో సగం ఉన్నవి మూడు. ప్లాస్టర్లు తీసిన రోజు మా అత్తగారు వంగి చూసి, ‘కత్తి జారి వేలు తెగితే ఇంతకంటే ఘోరంగా ఉంటుంది కదే’ అన్నారు. పాపం, సంతోషంతోనే అన్నారు.

ఆ చిల్లుల వెనక ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు. నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. గర్భసంచిని అటూ ఇటూ పట్టి ఉంచే బంధాలన్నీ కోస్తారు. దానికి రక్తం తెచ్చే రెండు పెద్ద ధమనుల్నీ మూసి తెంపుతారు. ముందు వైపు దానికి ఆనుకుని ఉండే మూత్రాశయాన్ని విడదీసి కిందికి జరుపుతారు. గర్భాశయ ముఖద్వారంతో సహా తీస్తారు కాబట్టి యోని పైభాగాన్ని చుట్టూ కోసి, చాలామటుకు ఆ దారినే గర్భసంచిని బయటికి తెచ్చి, తెరుచుకున్న ఆ పై అంచుని కుట్టేస్తారు. మీరు ‘వాల్ట్’ అనేది దాన్నే. పొట్ట కోసి చేసినా లోపలి పని ఇదే. 1988లో అమెరికాలో హ్యారీ రైక్ అనే డాక్టరు మొదటిసారి ల్యాప్రోస్కోప్‌తో గర్భసంచి తీశారు. అప్పటి నుంచి పొట్ట మీది కోత తగ్గింది, నొప్పి తగ్గింది, ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయి. చిన్న మేలేమీ కాదు. కానీ లోపలి గాయం మాత్రం ఎంత ఉండాలో అంతే ఉంది. ఈ ఒక్క సంగతి ఆ రోజు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పి ఉంటే నా ఆరు వారాలు వేరేగా గడిచేవి.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి. పొట్ట నొప్పికి సిద్ధపడే ఉన్నాను. నొప్పి వచ్చింది కుడి భుజంలో. లేచి కూర్చుంటే భుజం కొసలో మేకు దిగ్గొట్టినట్టు. గట్టిగా ఊపిరి పీలిస్తే మెడ దాకా లాగుతోంది. అర్ధరాత్రి దాటాక మా ఆయన అది గుండె నొప్పే అని తేల్చేశారు. చొక్కా తిరగేసి తొడుక్కుని బండి తాళాల కోసం సొరుగులన్నీ లాగేస్తున్నారు. మా అమ్మాయి నా చెయ్యి వదలడం లేదు. వార్డుకి ఫోన్ చేస్తే సిస్టర్ నవ్వి, ‘గ్యాసమ్మా, రెండు మూడు రోజుల్లో పోతుంది’ అంది. మా ఇంట్లో గ్యాస్ అంటే తిన్నది అరక్క వచ్చేది. మా అత్తగారు వెంటనే అరుగుదల మందు తెచ్చి తాగించారు.

ఆ గ్యాస్ వేరు, ఈ గ్యాస్ వేరు. కెమెరాకి లోపల చోటు కనబడాలని పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు, మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో. పొట్ట బెలూన్‌లా లేస్తుంది. చివర్లో వదిలేసినా కాస్త లోపలే ఉండిపోతుంది. మనిషి లేచి కూర్చుంటే అది పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రంని రేపుతుంది. డయాఫ్రంకి వెళ్లే నరం బయల్దేరేది మెడలో. భుజం కొసకి వెళ్లే నరాల మొదలూ అక్కడే. అందుకని మెదడు తికమకపడి, నొప్పి భుజంలో ఉందని లెక్క వేసుకుంటుంది. తెలిశాక నాకు ముచ్చటేసింది, ఒళ్లు ఇంత పొరపాటు కూడా పడుతుందా అని. ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి నొప్పి తగ్గేది కాదు గానీ నలుగురం భయపడి చచ్చేవాళ్లం కాదు. కాసేపు పడుకుంటే, కాసేపు ఇంట్లోనే నడిస్తే, భుజానికి వేడి కాపడం పెడితే సర్దుకుంటుంది. మూడో రోజుకి నాకు పోయింది కూడా. దీనితోపాటు ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే మాత్రం గ్యాసే కదా అని కూర్చోకూడదు, పరిగెత్తుకు రావాలి. ఇదంతా రాయడానికి ఎంత చోటు కావాలి? పోర్టుల సైజులు రాసినంత చాలు.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన పాఠం చెప్పింది వార్డులో దుప్పట్లు మార్చే ఆయమ్మ. నేను పొట్ట బిగించి తిన్నగా లేవబోతుంటే ‘అట్లా కాదు తల్లీ’ అని ఆపింది. ముందు మోకాళ్లు మడవమంది. భుజమూ తుంటీ ఒకేసారి కదిలేట్టు, దుంగ దొర్లినట్టు పక్కకి తిరగమంది. కాళ్లు మంచం కిందికి వదిలి, అదే ఊపులో మోచేత్తో పరుపుని నొక్కమంది. లేచి కూర్చున్నాను. పొట్టకి తెలియనే లేదు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకి అదిమి పట్టుకోమని కూడా ఆవిడే చెప్పింది. ఈ రెండూ ఎన్ని వందల సార్లు వాడుకున్నానో లెక్క లేదు. కాగితంలో ఎక్కడా లేవు.

ఇక ‘రెస్ట్’ సంగతి. ఈ మాట మా ఇంటికొచ్చేసరికి రెండుగా చీలిపోయింది. మా అత్తగారి దృష్టిలో రెస్ట్ అంటే మంచం దిగకూడదు. మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే. మా ఆయన దృష్టిలో రెస్ట్ అంటే ఆఫీసుకి వెళ్లకపోవడం. ఇంట్లో ఎలాగూ ఉన్నాను కాబట్టి, కూర్చుని చేసే పనులేవో చూసుకోవచ్చు. ఇద్దరూ నా మీద ప్రేమతోనే ఆలోచించారు, ఇద్దరి లెక్కా తప్పే.

మంచం దిగకపోతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికే వస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చేశాక కూడా కొన్ని వారాల పాటు ఆ భయం పూర్తిగా పోదు. ఆపరేషన్ అయిన రోజే లేపి నడిపించాలి, తొందరగా తిననివ్వాలి అనే పద్ధతిని 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ గట్టిగా నిలబెట్టారు. మీరూ వార్డులో దాన్నే పాటిస్తున్నారు. నన్ను ఆ సాయంత్రమే లేపి వరండా చివరి దాకా నడిపించారు. అక్కడ నడిపించి, ఇక్కడ కాగితం మీద రెస్ట్ అని రాస్తే ఇంట్లో వాళ్లు ఏది నమ్మాలి? నా మటుకు నాకు ఇలా రాసి ఉంటే బాగుండేది: మొదటి వారం మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి, పడుకున్నా మడమలు తిప్పుతూ ఉండాలి, మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి. రెండో వారం నుంచి బయట నడక, రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ. ఒకరోజు ఒళ్లు తేలిపోయిందంటే ముందు రోజు ఎక్కువ చేశామని అర్థం, ఆ రోజుకి తగ్గించుకోవాలి.

ఒళ్లు తేలిపోవడం అంటే ఏమిటో నాకు తొమ్మిదో రోజున తెలిసింది. ఆ పొద్దున అసలు నాకు ఆపరేషనే కానట్టుంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను. కూర్చునే చేస్తున్నాను, బరువేమీ లేదు. నాలుగో దుప్పటి సగం మడతలో ఉండగా ఒంట్లో కరెంటు పోయినట్టయింది. దుప్పటి ఒళ్లో పెట్టుకుని, గోడకి ఆనుకుని, అలాగే నిద్రపోయాను. సాయంత్రం మా అమ్మాయి వచ్చి లేపితే గానీ మెలకువ రాలేదు. లేచి ఏడ్చాను. ఎందుకంటే నేను బద్ధకం నేర్చుకుంటున్నాననుకున్నాను. చిల్లులు మానిపోయినా లోపల మరమ్మతు పని నడుస్తూనే ఉంటుందని, ముందునుంచే రక్తం పోయి ఐరన్ తగ్గిన ఒంటికి ఇది ఇంకా ఎక్కువ ఉంటుందని, ఏడుపు కూడా ఈ రోజుల్లో మామూలేనని రివ్యూలో నేను అడిగితే చెప్పారు. అడక్కపోతే నేను బద్ధకస్తురాలినే.

మోషన్ సంగతి మీరు ఎత్తరు, మాకు అడగడానికి సిగ్గు. మత్తూ నొప్పి మందులూ కలిసి పేగుల్ని నిదానం చేస్తాయి. నాకు నాలుగో రోజు దాకా కాలేదు. ముక్కితే లోపల కుట్లు తెగుతాయేమోనని భయం, ముక్కకపోతే రాదు. మెత్తబరిచే సిరప్ మొదటి రోజు నుంచే రాసి, నీళ్లు బాగా తాగమని, కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకోమని చెబితే ఈ నరకం చాలామందికి తప్పుతుంది.

‘బరువులు ఎత్తరాదు.’ ఎంత బరువు? ఎన్నాళ్లు? మా ఆయనకి బరువంటే సూట్‌కేసు, బీరువా. అవి నేను మామూలు రోజుల్లోనూ ఎత్తను. నేను రోజూ ఎత్తేవి వేరు. తడిబట్టల బకెట్టు, నిండు కుక్కరు, నీళ్ల క్యాను, రాగానే ఎత్తుకోమని చేతులు చాచే మా ఆడపడుచు కొడుకు. 20 లీటర్ల బకెట్టు సగం నింపినా 10 కిలోలు. మూడేళ్ల పిల్లాడు అంతకంటే ఎక్కువే ఉంటాడు. ఇవి ఎత్తినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగి, ఆ వాల్ట్ కుట్ల మీద పడుతుంది. ఎన్ని కిలోలు, ఎన్ని వారాలు అన్నదాని మీద మీలోనే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారని విన్నాను. ఫర్వాలేదు, మీరు నమ్మే అంకె మీరు రాయండి. అంకె లేకపోవడంతో నేను ప్రతి గిన్నె దగ్గరా నిలబడి, దీన్ని ఎత్తొచ్చా ఎత్తకూడదా అని దేవుణ్ణి అడిగేదాన్ని.

పన్నెండో రోజు రాత్రి అసలు టెన్షన్ మొదలైంది. అప్పటిదాకా కాస్త బ్రౌన్ మరకలు తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి బాత్రూమ్‌కి వెళ్తే తాజా ఎర్ర రక్తం. గర్భసంచే లేదు, ఇది ఎక్కడి నుంచి వస్తోంది? రెండు మూడు చెంచాలంత ఉంటుందేమో, నా కంటికి మాత్రం బిందెడు కనిపించింది. కాగితం మీదున్న నంబరుకి రెండుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. తెల్లారేదాకా గంటగంటకీ లైటేసి చూసుకుంటూ కూర్చున్నాను. పొద్దున చిన్న దారం ముక్క కూడా పడింది. లోపల వేసిన కుట్లు కరిగిపోయే దారంతో వేస్తారు. అవి కరుగుతున్నప్పుడు, పక్కు ఊడుతున్నప్పుడు, రెండో వారం ప్రాంతంలో ఇలా కాస్త రక్తం కనిపించడం మామూలేనట. బ్రౌన్ మరకలు కూడా తగ్గుతూ తగ్గుతూ కొన్ని వారాలు ఉంటాయట. నాకు వచ్చింది ఆ మామూలుది.

మామూలుది కాకపోయి ఉంటే? దాన్నెలా గుర్తుపట్టాలో కూడా నాకు తెలియదు కదా. మీరు రాసిన ఎస్ఓఎస్‌ని విప్పి రాస్తే ఇలా ఉండాలి. ప్యాడ్ గంటలోనే పూర్తిగా తడిసిపోయినా, పెద్ద గడ్డలు పడినా రావాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరినా, చెడు వాసనతో డిశ్చార్జ్ అయినా రావాలి. ఈ ఆపరేషన్ తర్వాత నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గాల్సింది పెరుగుతూ, పొట్ట గట్టిపడి, వాంతులు అవుతుంటే లోపల పేగుకి ఏమైనా అయిందేమో చూడాలి, అక్కడ ఆలస్యం పనికిరాదు. ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా రావాలి. మూత్రం రాకపోయినా, నడుము పక్కన నొప్పి పట్టుకున్నా రావాలి. ఇంకొకటుంది, ఇది ఎవరూ చెప్పరు. కింది నుంచి నీళ్లలా కారుతూ ఉంటే దాన్ని తెల్లబట్ట అనుకుని ప్యాడ్ మార్చుకుంటూ ఊరుకుంటాం. అది మూత్రం కావచ్చు. మూత్రాశయానికో మూత్రనాళానికో తగిలిన దెబ్బ ఇంటికొచ్చిన వారానికి, రెండు వారాలకి కూడా బయటపడుతుందని మీకు తెలుసు. మాకు తెలియదు.

ఇప్పుడు మీరు గొంతు తగ్గించి చెప్పే మాట దగ్గరికి వస్తాను. డిశ్చార్జ్ రోజున డాక్టరమ్మ నా పక్కకి వంగి, ‘కొన్నాళ్లు దూరంగా ఉండండి’ అన్నారు. అప్పుడు మా ఆయన బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నారు. ఆ మాట ఆయనకి నేను మోసుకెళ్లాలి. కొన్నాళ్లంటే ఎన్నాళ్లు? నాకే తెలియదు. ఎందుకు? అదీ తెలియదు. చిల్లులు ఉన్నది పొట్ట మీద కదా అని ఆయన అమాయకంగా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జవాబు మీ దగ్గర ఉంది. యోని పైన వేసిన ఆ కుట్లు గట్టిపడటానికి కనీసం ఆరు వారాలు. మీలో చాలామంది ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగమంటారు, పరీక్ష చేసి చూశాకే సరే అంటారు. తొందరపడితే ఆ కుట్ల దగ్గర విడిపోవచ్చు. అలా జరగడం అరుదు, కానీ జరిగితే పేగు కిందికి జారే ప్రమాదం ఉంది, ఎమర్జెన్సీగా మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. పైగా ఇది పొట్ట కోసి చేసిన వాళ్లలో కంటే ల్యాప్రోస్కోపీ చేసిన వాళ్లలోనే కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని మీ పుస్తకాలే చెబుతాయి. అంటే ‘చిన్న చిల్లులే’ అని ఏ పేషెంటుకి చెబుతున్నారో, ఈ జాగ్రత్త గట్టిగా చెప్పాల్సింది ఆ పేషెంటుకే.

మా ఆయన అర్థం చేసుకునే మనిషి. నేను చదివి చెబితే విన్నారు. కానీ అడగకుండానే దగ్గరికొచ్చే మగవాళ్లున్న ఇళ్లకి కూడా మీ పేషెంట్లు వెళ్తారు. అక్కడ ‘డాక్టరమ్మ నా చెవిలో చెప్పింది’ అంటే నడవదు. ‘డాక్టర్ రాశారు, చూడు’ అని కాగితం తీసి చూపించాలి. ఆ ఆడమనిషికి ఆ ఒక్క లైను తప్ప ఇంకో అడ్డు ఉండకపోవచ్చు. దయచేసి అది రాయండి, వారాల లెక్కతో, చదవగలిగే అక్షరాలతో, ఆమె చదివే భాషలో.

భాష అన్నాను కాబట్టి ఇంకో సంగతి. నా పక్క బెడ్ ఆవిడకీ నాకూ ఒకే రోజు ఆపరేషన్ అయింది. నా కాగితంలో టీఎల్‌హెచ్ (అంటే ల్యాప్రోస్కోపీతో గర్భసంచి మొత్తం తీయడం), పక్కన బీఎస్ అని ఉంది. ఆవిడ కాగితంలో బీఎస్ఓ అని ఉంది. ఒక్క అక్షరమే తేడా. నాకు గర్భసంచితోపాటు రెండు ట్యూబులు తీశారు, అండాశయాలు ఉంచారు. ఆవిడకి ఆ చివరి ‘ఓ’తో అండాశయాలూ పోయాయి. అంటే ఆవిడ వయసుతో పని లేకుండా ఆ రోజు నుంచే మెనోపాజ్ మొదలు. వారం తిరక్కుండా ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రంతా చెమటలు. ఫోన్ చేసి ‘నాకు లోపల జ్వరం ఉందేమో’ అని ఏడ్చింది. హార్మోన్ల గురించి, ఎముకల గురించి ఆవిడతో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాల్సింది. నాకేమో అయిదో వారంలో నెలసరి ముందు వచ్చే రొమ్ముల సలుపు మామూలుగానే వచ్చింది. నెలసరి లేకుండా ఇదేమిటని హడలిపోయాను. అండాశయాలు వాటి పని అవి చేసుకుపోతాయని ఎవరైనా చెబితే కదా. ముఖద్వారం ఉంచేసిన వాళ్లు క్యాన్సర్ స్క్రీనింగ్ ఆపకూడదని, బయాప్సీ రిపోర్టు ఏ రోజు వస్తుందో అడిగి తీసుకోవాలని కూడా ఒక్కో లైను రాస్తే పోయేదేముంది?

ఆఫీసుకి మాత్రం చక్కగా సర్టిఫికెట్ ఇచ్చారు, సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి. ఆరు వారాలు పనిలోకి వెళ్లలేనని. నేను అడిగితే సిస్టర్ అరగంటలో టైపు చేయించి తెచ్చింది. ఇంటికి అలాంటిది ఇవ్వలేదు. ఇంటి పని పనే కాదన్నట్టు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఆరు వారాల సెలవు, వంగి, లేచి, తుడిచి, పిండి, మోసే ఉద్యోగానికి ‘రెస్ట్’ అని రెండక్షరాలు. మా ఆయన చెడ్డవారు కాదని చెప్పాను కదా. స్టాంపు ఉన్న కాగితాన్ని ఆయన గౌరవిస్తారు, అంతే. మూడో వారంలో మా ఇంట్లో ఎవరి పనులు ఎవరు చేయాలన్న దాని మీద జరిగిన గొడవ ఇక్కడ రాయను. ఒక స్టాంపు ఉండి ఉంటే జరిగేది కాదు.

ఇలాంటి కాగితం తయారుచేయడం కుదరని పనేమీ కాదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ అచ్చంగా ఈ ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లే వాళ్ల కోసమే ఒక కరపత్రం తెచ్చింది. ఏ రోజుల్లో ఎలా ఉంటుంది, ఏం చేయొచ్చు, పనిలోకి ఎప్పుడు వెళ్లొచ్చు అని పట్టిక గీసి మరీ చెప్పారు. బండి నడపడం గురించి కూడా ఉంది: అత్యవసరంగా బ్రేకు తొక్కగలనన్న నమ్మకం వచ్చేదాకా వద్దని. పేషెంటుకి ఓపిక లేనప్పుడు పక్కనున్న వాళ్లు చదివి చెప్పే కాగితం అది.

మీకు టైము ఉండదని తెలుసు. మీ ఓపీ వరండాలో గంటలు గంటలు కూర్చున్నదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. అందుకే మీ పని కాస్త తగ్గించాను. నేనూ మా అమ్మాయీ కూర్చుని ఒక పేజీ కాగితం తయారుచేశాం. పైన భుజం నొప్పి సంగతి, తర్వాత ఆయమ్మ చెప్పిన లేచే పద్ధతి, నడక, పీట, రెండో వారం రక్తం, పరిగెత్తుకు రావాల్సిన గుర్తులు. మా అమ్మాయి బొమ్మలు వేసింది. బకెట్టు మీద ఎర్ర గీత అడ్డంగా కొట్టింది. దుంగలా పక్కకి తిరుగుతున్న మనిషి బొమ్మ మూడుసార్లు చెరిపి వేసింది, ఇంకా నాలా లేదు. కింద ‘ఇంట్లో వాళ్లకు’ అని విడిగా ఒక పెట్టె గీశాం.

అందులో మూడు ఖాళీలు వదిలాను, అవి నేను నింపగలిగేవి కావు. ఎన్ని కిలోలు. ఎన్ని వారాలు. రాత్రి రెండింటికి చేసినా ఎత్తే ఫోన్ నంబరు. వచ్చే వారం నాకు చివరి రివ్యూ ఉంది, కాగితం తెస్తున్నాను. స్టాంపు దగ్గర పెట్టుకోండి.

ఇట్లు,
నాలుగు చిల్లుల పేషెంటు